ముద్ర, కూటముద్ర, గోప్యత

సంస్కృతమున ముద్రాశబ్దమునకుఁ బెక్కర్థములు గలవు. వ్రేలి యుంగరము ముద్ర. ఆ యుంగరమును మెత్తని మట్టిపై నొత్తఁగాఁ బడిన గుర్తును ముద్రయే. అట్లు గుర్తు వేసి మూసినదానిని ముద్రిత మందురు. మూసిన కన్నులను, ముకుళించిన తామరలను ముద్రితము లని కవులు వర్ణించుట సుప్రసిద్ధము. కావునఁ బ్రాచీనులకు ముద్రించుట యనఁగా మూయుట, పరులు చూడకుండఁ జేయుట. అచ్చుయంత్రము మన దేశమునకు వచ్చిన పిమ్మట నీ శబ్దము విపరీతార్థమును బొందెను. నేఁడు ముద్రిత గ్రంథ మనఁగా నెల్లరు చదువుటకై వెలువరింపఁబడినది. మూయుటకును వెల్లడించుటకును నొక్కటే మాట యేర్పడుట భాషాచరిత్రమున నంతగా వింత గాదు. మనుష్యుని వ్రేలిముద్ర మాత్ర మిప్పు డా రెండు పనులను నొక్కమాఱే చేయవలసివచ్చినది. ఈ యవస్థ యెట్లు సంభవించెనో తెలియవలె నన్న రాజముద్రికలనుండి కథ నారంభింపవలయును.

రాజు భూదానము చేసినపుడు వస్త్రముపైఁ గాని తామ్రపట్టికపైఁ గాని వ్రాయించి, తన ముద్రచే దాని నంకితము చేయవలె నని యాజ్ఞవల్క్యస్మృతి విధించుచున్నది. ఆంధ్రదేశమున దొరకిన తామ్రశాసనములు పెక్కు లీ విధిని జక్కఁగాఁ బాటించినవే. రేకులకు రంధ్రము చేసి, కడియమును దూర్చి, దాని కొనలు రెండును గలియుచోట ముద్రను బోఁతపోసి బిగింతురు. తూర్పుచాళుక్యుల శాసనములలోఁ బెక్కింటి ముద్రలపై వరాహమును, సూర్యచంద్రులును, అంకుశమును, నడుమ శ్రీ త్రిభువనాంకుశ యను బిరుదమును గానవచ్చును. ముద్రను భగ్నము చేయకయో, కడియమును గోయకయో రేకు నొకదానిని దీసి వేఱొకదానిని జేర్చుటకు వీలు లేదు. అందుచేతనే శాసనపరిశోధకులు శాసనమును ప్రకటించునపుడు, తమ చేతికి వచ్చునప్పటికిఁ గడియము కోయఁబడి యుండెనా లేదా యని మొట్టమొదట వ్రాయుదురు. చదువరులు తఱచుగా దాఁటిపోవు నా వాక్యముపైననే శాసనప్రామాణ్య మంతయు నాధారపడి యుండును.

ముద్ర పుట్టిన నాఁడే కూటముద్రయుఁ బుట్టెను. కూటశాసనమును గల్పించువానికి మనువు వధదండమును విధించెను. అంతటి దండన యుండియు మోసములు నిలువలేదు. 1901లో ఫ్లీటు పండితుఁడు ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికయందుఁ గూటశాసనముల పట్టికను బ్రకటించెను. కూటశాసనములను గుర్తించుట నేఁటి పరిశోధకులకే తెలిసిన విద్య యనుకొనరాదు. హర్షవర్ధనుని మధువన తామ్రశాసనము దీనికిఁ జక్కని నిదర్శనము. ఇది హర్షుని రాజ్యకాలమున 25వ సంవత్సరమున, అనఁగా క్రీ.శ. 631 ప్రాంతమున వెలువడినది. శ్రావస్తీభుక్తిలోని సోమకుండకమను గ్రామమును వామరథ్యుఁ డను బ్రాహ్మణుఁడు కూటశాసనమూలమున ననుభవించుచుండఁగా, హర్షుఁడు విచారించి, యా శాసనమును భంగపఱచి, గ్రామమును వానినుండి తీసికొని వేఱిరువురు బ్రాహ్మణుల కొసఁగెను. ఈ కథలో రాజు చేసిన పని యెంతయు సులభమైనది. రేకు విఱిచినచో మోసము నశించెను. రాజునకు వేఱు రేకు లున్నవి, వేఱు ముద్రయు నున్నది. ఈ సౌలభ్యము ముందుఁ జెప్పఁబోవు వ్రేలిముద్రకు లేదు.

ఇంతకంటె సూక్ష్మమైన మోసము విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమునఁ గలదు. రాక్షసమంత్రి తన కుటుంబమును జందనదాసుఁడను రత్నవణిజుని యింట దాఁచి పురము విడిచిపోయెను. వేడుకను జూడ బయటికి వచ్చిన బాలుని బట్టుకొను తొందరలో నతని భార్య వ్రేలినుండి యుంగరము జాఱిపడెను. అది చారుని మూలమునఁ జాణక్యుని చేతఁ బడెను. అంతట నతఁడు రాక్షసుని మిత్రుఁడగు శకటదాసుచేతనే, వానికిఁ దాత్పర్యము తెలియనీక, యొక లేఖను వ్రాయించి, యా యుంగరముతో ముద్ర వేయించెను. ఇందుఁ గూటముద్ర యేదియు లేదు. ఉంగరము రాక్షసునిదే. అక్షరములు శకటదాసునివే. పరీక్షించువాఁ డెంత నిపుణుఁడైనను రెండును సత్యము లనియే చెప్పవలయును. ఐనను లేఖ యంతయు నసత్యము. ఈ ముద్ర యెవరిది యను ప్రశ్నయు, ముద్ర గలవాఁ డిందుల కంగీకరించెనా యను ప్రశ్నయు వేఱువేఱని యీ నాటకము చూపినంత స్పష్టముగాఁ జూపిన ధర్మశాస్త్రగ్రంథము లరుదు.

కౌటిల్యుని యర్థశాస్త్రమున ముద్ర జనసామాన్యముదాఁక వచ్చినది. మైసూరున శామశాస్త్రిగారు 1905లోఁ గనుఁగొని 1909లో అచ్చువేయించిన యీ గ్రంథమున ముద్రాధ్యక్షుఁడను నధికారి చెప్పఁబడియున్నాఁడు. అతఁ డొక మాషకము గ్రహించి ముద్ర నిచ్చును. ముద్ర గలవాఁడే జనపదమునఁ బ్రవేశింపవలెను, వెలువడవలెను. ముద్ర లేని జానపదునకుఁ బండ్రెండు పణములు దండుగ. కూటముద్ర చూపినవానికిఁ బూర్వసాహసదండము, వాఁడు పరదేశీయుఁడైనచో నుత్తమసాహసదండము. నాగరికప్రణిధి యను ప్రకరణమున నింకను విశేష మున్నది. పది, ఇరువది, లేక నలువది కుటుంబముల కొక్కొక్క గోపుఁడను నుద్యోగి. అతఁడు తన యేలుబడిలోని స్త్రీపురుషుల జాతి, గోత్రము, నామము, వృత్తి, సంఖ్య, ఆదాయము, వ్యయము నన్నియు నెఱిఁగి యుండవలెను. ఇంటికి వచ్చిన యతిథిని, వెడలిన యతిథిని గృహస్థుఁడు తెలుపవలెను. రహస్యముగా గాయమునకుఁ జికిత్స చేయించుకొనువానిని గూర్చి వైద్యుఁ డెఱిఁగింపవలెను. నేఁడు ప్రభుత్వములును వర్తకసంఘములును సేకరించు వివరములలోఁ గౌటిల్యునకుఁ దోఁపనివి కొన్నియే.

ఆ యుద్యోగికి గోపుఁడను పేరు వచ్చుట గమనింపఁదగినది. గుప్ ధాతువునకు రక్షణ మని ధాతుపాఠము నర్థము. గోప్త యనఁగా రక్షకుఁడు. గుప్తము రక్షింపఁబడినది, అందుచేతనే దాఁపఁబడినది. గోప్యము, గోప్యత యను మాట లందుండి పుట్టినవే. పాశ్చాత్య భాషాశాస్త్రజ్ఞులు గోవులను బాలించువాఁ డను నర్థముగల గోపశబ్దమే ముందు పుట్టి, దానినుండి యీ ధాతువు కల్పింపఁబడిన దందురు. ఏ మతమును గ్రహించినను రక్షణమును గోపనమును నొక్క మూలమునుండియే వచ్చినవి. జనుల వివరము లన్నియు వ్రాసికొనువాఁడును గోపుఁడే, ఆ వివరములు గోప్యములును. ఇవి రెండును బరస్పరవిరుద్ధములుగాఁ దోఁచుట వ్రాసికొన్నవాఁడు రక్షింపకపోయిన పిమ్మటనే.

ప్రజలు తమలోఁ దాము వ్రాసికొను పత్రముల విషయము వేఱు. ఋణికుఁడు పత్రము చివర నేను ఫలానివాని కుమారుఁడను, పైన వ్రాసినది నాకు సమ్మత మని స్వహస్తముతో వ్రాయవలె నని యాజ్ఞవల్క్యుఁడు చెప్పెను. అక్షరజ్ఞానము లేనివాఁడు సాక్షులయెదుటఁ బరునిచే వ్రాయింపవలె నని నారదవచనము. సాక్షి యనఁగాఁ దానై కన్నులారఁ జూచినవాఁడని పాణిని వ్యుత్పాదించెను. తెలుగున నీ స్వహస్తలేఖమునకుఁ జేవ్రాలని యందమైన పేరు గలదు. వ్రాయనేరనివాని గుర్తును నిశాని యనిరి. వ్రేలిముద్రగాఁడను నిందావాచకము దీని తరువాత వచ్చినది. ఆ నింద యెంత యన్యాయమైనదో యీ క్రింది వృత్తాంతమువలనఁ దెలియఁగలదు.

1858వ సంవత్సరము జూలై నెలలో వంగదేశమున జంగిపురమునందు విలియం హెర్షెల్ అను నాంగ్లేయోద్యోగి బాటకుఁ గావలసిన కంకర సరఫరాకై రాజ్యధర్ కోనాయి అను వానితో నొడంబడిక చేసికొనెను. ఒడంబడికను గోనాయి తన చేతితోనే వంగలిపిలో వ్రాసెను. సంతకము చేయఁబోవుచుండఁగా హెర్షెల్‌కుఁ దోఁచి, యతని యఱచేతికి సిరా పూయించి కాగితముపై నొత్తించెను. ఆ సిరా యితరమైనది కాదు, కచేరీముద్రకై సిద్ధము చేసి యుంచిన నూనెసిరాయే. ఈ విధముగా రాజముద్ర యొక్క రంగు పౌరుని యఱచేతికి వచ్చెను. తర్వాత 1916లోఁ బ్రకటించిన చిన్న గ్రంథమున హెర్షెల్ తన యుద్దేశమును దాఁపక చెప్పినాఁడు: సంతకము నాది కాదని కోనాయి మున్ముందు బొంకకుండ నతనిని భయపెట్టుటయే. వ్రేలిముద్ర వేసినవాఁడు నిరక్షరకుక్షి యను తలంపు పుట్టకమునుపే, చక్కఁగా వ్రాయనేర్చినవానిచేత మొదటి ముద్ర వేయింపఁబడెను. అందులకుఁ గారణము వాని యజ్ఞానము కాదు, పాలకునకు వానిపైఁ గల యవిశ్వాసము.

హెర్షెల్ 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా నుండఁగాఁ బింఛనుదారుల యొద్దను, దస్తావేజుల రిజిస్ట్రేషనునందును, కారాగృహమునందును వ్రేలిముద్రలను బ్రవేశపెట్టెను. పైయధికారులు దానిని వ్యాపింపఁ జేయలేదు. 1880లో జపానునందున్న హెన్రీ ఫాల్డ్స్ అను వైద్యుఁడు నేచర్ పత్రికలో నీ విషయమునే స్వతంత్రముగాఁ బ్రకటించెను. గాల్టన్ 1892లో నొక గ్రంథమును వ్రాసెను. ముద్రలు గ్రహించుట సులభమే. వేలకొలఁది ముద్రలలో నొకదానిని వెదకి పట్టుకొనుటయే కష్టము. ఆ కష్టమును దీర్చినది కలకత్తా. అక్కడ ఎడ్వర్డు హెన్రీ పోలీసు శాఖకు ముఖ్యాధికారి. వర్గీకరణగణితమును గల్పించినవాఁడు ఖాజీ అజీజుల్ హక్. సహకరించినవాఁడు హేమచంద్ర బసు. 1897లోఁ గలకత్తాలో వ్రేలిముద్రల కార్యస్థానము నెలకొల్పఁబడెను. పద్ధతికి మాత్రము హెన్రీపద్ధతి యను పేరే లోకమున నిలిచినది. తక్కిన యిరువురకు ఖాన్ బహాదూర్, రాయ్ బహాదూర్ బిరుదములు దక్కెను.

ఆ గణితము ఛందశ్శాస్త్ర మెఱిఁగినవారికి మిక్కిలి పరిచితముగాఁ దోఁచును. పది వ్రేళ్లను రెండు పంక్తులుగా విభజింతురు, ఒక్కొక్క పంక్తి కైదు వ్రేళ్లు. ప్రతి వ్రేలియందును సుడి యుండును, లేక సుడి లేకుండును. ఐదు స్థానములకును వరుసగా 16, 8, 4, 2, 1 విలువలు. సుడి యున్న స్థానముల విలువలను మాత్రమే కూడి, దాని కొకటి చేర్పవలెను. అప్పు డొక్కొక్క పంక్తికి 1 మొదలు 32 వఱకు నొక సంఖ్య వచ్చును. రెండు పంక్తులు గలియఁగా 32ను 32చే గుణించిన 1024 గదు లేర్పడును. ఛందస్సున నుద్దిష్ట మను ప్రక్రియ యిదియే గదా. ఒక వృత్తము ప్రస్తారమున నెన్నవదో తెలియవలె నన్న, గురులఘువులపై 1, 2, 4, 8 అని ద్విగుణించుచు నంకములు వ్రాసి, లఘువులపై నున్నవానిని మాత్రమే కూడి, యొకటి కలుపుదురు. ఐదక్షరముల సుప్రతిష్ఠకు 32 వృత్తములు, పదియక్షరముల పంక్తిచ్ఛందమునకు 1024 వృత్తములు. చివర నొకటి కలుపుటతోఁ గూడ రెండు ప్రక్రియలును సరిపోవుచున్నవి. దీనినిఁ బట్టి హక్ పింగళుని ననుసరించె ననుట సాహసము. ఉండుట, లేకుండుట యను రెండవస్థలు గల వస్తువుల నెవఁడు లెక్కించినను గణిత మీ త్రోవనే పోవును. నేఁటి గణనయంత్రము లన్నియు నీ త్రోవనే పోవుచున్నవి.

న్యాయస్థానము లీ క్రొత్త సాక్షిని మొదట నాఁచితూఁచి స్వీకరించెను. 1898లో జల్పాయిగుడి ప్రాంతమునఁ దేయాకుతోట మేనేజరు హత్య చేయఁబడఁగా, నతని పెట్టెలోని వంగపంచాంగముపై నెత్తుటిమరక వంటి వ్రేలిగుర్తు కానవచ్చెను. అది పూర్వము సేవకుఁడై, దొంగతనమునకై శిక్ష ననుభవించిన యొకని ముద్రతో సరిపోయెను. న్యాయస్థానము వానికి దొంగతనమునకు శిక్ష విధించి, హత్యాభియోగమునుండి విడిచెను. వాని చేయి పంచాంగమును దాఁకినదని వ్రేలిముద్ర చెప్పఁగలదు. వాఁడే చంపె నని చెప్పఁజాలదు. శకటదాసుని లేఖ విషయమునఁ జూపఁబడని వివేక మిచ్చటఁ జూపఁబడినది. మఱుసటి సంవత్సరమే సాక్ష్యచట్టము సవరింపఁబడి, వ్రేలిముద్రలను గూర్చిన నిపుణుల యభిప్రాయము ప్రమాణముగా నంగీకరింపఁబడెను.

చట్టములు చేయువారియం దా వివేకము నిలువలేదు. 1871లో బుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో సవరింపఁబడి చెన్నరాజధానికిని వ్యాపించెను. నమోదైన జాతులవారి వ్రేలిముద్రల నెప్పుడైనను దీసికొను నధికార మందుఁ గలదు. గుంటూరుమండలమున బాపట్ల దాపున సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణమున వెలసిన స్టువర్టుపురము నందు నిలుపఁబడిన యెఱుకలవారు ఆ చట్టముక్రిందివారే. అక్కడఁ బుట్టిన శిశువు నేరము చేయకయే పట్టికలోఁ జేరవలసినవాఁడు. చట్టము 1952లో రద్దయ్యెను. పట్టికనుండి పేరు కొట్టివేయుట సులభము, జనుల నోటనుండి కొట్టివేయుట సులభము కాదు. స్టువర్టుపురమను పేరు పలుకునపు డిప్పటికిని తెలుగునాఁటఁ గొందఱి కనుబొమలు ముడివడును.

దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము 1906లో నాసియావాసు లెల్లరు పది వ్రేళ్ల ముద్రలు వేసి పత్రము పొందవలె నని శాసింపఁబూనెను. ఆ యేఁటి సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గులోఁ గూడిన సభలో భారతీయులు దీనిని ధిక్కరింతు మని ప్రమాణము చేసిరి. సత్యాగ్రహమునకు జన్మదినముగాఁ జెప్పఁబడునది యిదియే. 1908 జనవరిలో గాంధి జనరల్ స్మట్సుతో సంధి చేసికొని, బలవంతము లేనిచో ముద్రలు వేయుట తప్పుగా దని చెప్పి, తాను వేయఁబోవుచుండఁగా మీర్ ఆలమ్ అను పఠాను నతనిని గొట్టెను. గాయపడి పడకనుండియే గాంధి ముద్రలు వేసెను. పిమ్మట ప్రభుత్వము మాట తప్పిన దని తలంచి, 1908 ఆగస్టు 16న హమీదియా మసీదు ప్రాంగణమున వేలకొలఁది పత్రములు కాల్చఁబడినవి. ముద్ర యొక్కటే, వ్రేళ్లు నవే. జనవరిలో నంగీకారమును, ఆగస్టులో నిరాకరణమును దెలుపునవి పత్రములు కావు, వేసినవాని మనస్సు. మీర్ ఆలమున కీ భేదము తెలియలేదని గాంధిచరిత్రకారు లందురు గాని, యా పఠానుని సందేహము పూర్తిగా నిరాధారమని చెప్పుట కష్టము. ఒకమాఱు వేసిన ముద్ర ప్రభుత్వముచెంత నుండిపోవును, మనస్సు మాఱినను దిరిగి రాదు.

స్వతంత్రభారతమున గోప్యతకు రాజ్యాంగమున స్థానము గలదా యను ప్రశ్న చాలకాలము తీఱలేదు. 1954లో ఎనమండుగురు న్యాయమూర్తుల పీఠమును, 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యెమున నార్గురి పీఠమును లేదనియే పలికినవి. రెండవదానిలోఁ బోలీసువా రొకని కదలికలను గనిపెట్టుచు, రాత్రులయం దింటి తలుపు తట్టుచుండుట విచారణీయాంశము. తలుపు తట్టుట యధికసంఖ్యాకులకును రాజ్యాంగవిరుద్ధముగాఁ దోఁచెను గాని, తక్కిన నిఘా దోషముగాఁ దోఁపలేదు. రాజమహేంద్రవరమునఁ బుట్టి ఆంధ్రోన్నతన్యాయస్థానమునకుఁ బ్రథమ ప్రధానన్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు, షా గారితోఁ గూడి భిన్నాభిప్రాయము వ్రాసిరి. మనుష్యునిఁ గాళ్లుసేతులు గట్టక విడిచినంతమాత్రమున స్వాతంత్ర్యము గాదనియు, నెల్లప్పుడును గనిపెట్టఁబడుచున్నవాని మనస్సే బద్ధమై యుండుననియు, గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యమున నంతర్భాగమే యనియు వారి తాత్పర్యము. అది యేఁబదియైదేండ్ల పిమ్మట ఫలించినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురి పీఠ మేకకంఠముతో గోప్యతను మూలాధికారముగాఁ బ్రకటించి, పూర్వపు తీర్పులను ద్రోసిపుచ్చి, సుబ్బారావుగారి యభిప్రాయమునే గ్రహించెను. ఆ పీఠమున జాస్తి చలమేశ్వర్‌గా రొకరు.

నడుమ మఱియొక తీర్పునకు నాంధ్రదేశమే కారణమయ్యెను. ఆంధ్రప్రదేశ శాసనసభ 1986లో స్టాంపుల చట్టమును సవరించి, కలెక్టరుచే నధికారము పొందిన యెవఁడైనను బ్యాంకులలోని పత్రములను జూచుటకు వీలు గల్పించెను. ఉన్నతన్యాయస్థాన మా సవరణను గొట్టివేసెను. 2004లో సుప్రీముకోర్టు దానినే సమర్థించుచు, గోప్యత స్థలములకు గాక వ్యక్తులకుఁ జెందిన దనియు, నొకఁడు తన పత్రమును బ్యాంకున నుంచినంతమాత్రమున దానిపై గోప్యతాధికారమును గోల్పోవఁ డనియు నిర్ణయించెను. వివరము లన్నియు బరులయొద్దనే యుండు నీ కాలమున నీ సూత్రము విలువ యింతింత యనరాదు.

2017 నాఁటి వివాదమునకు మూలము ఆధార్ సంఖ్య. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 2012లో వ్యాజ్యెము వేసిరి. ఆధార్ సంస్థ 2009లో స్థాపింపఁబడి, 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రమున తెంభలి గ్రామమునఁ దొలి సంఖ్యల నొసఁగెను. పది వ్రేళ్లు, రెండు కనుపాపలు, ముఖచిత్రము గ్రహించి పండ్రెండంకెల సంఖ్య నిత్తురు. చివరి యంకె వెర్‌హోఫ్ అను డచ్చిదేశీయుఁడు కల్పించిన గణితముచే నేర్పడును. ఏ యంకె తప్పినను, ప్రక్కప్రక్క యంకెలు తాఱుమాఱైనను నది పట్టియిచ్చును. వేదపదముల క్రమము చెడకుండ జటాఘనపాఠములను గల్పించినవారి యాలోచన కిది దూరపుబంధువు. 2018 సెప్టెంబరు 26న నలువు రొకవైపు నొక రొకవైపుగా వెలువడిన తీర్పు, ఆధార్‌ను సహాయపథకములకు నిలిపి, వర్తకసంస్థలు కోరి తీసికొనుటను నిషేధించెను.

ఆ తీర్పునకుఁ గొన్ని నెలలు ముందు, అదే సంవత్సరము, తెలంగాణమునఁ గూటముద్ర మఱల వెలువడినది. సిమ్ కార్డు లమ్ము నొకఁడు, సర్కారువారు జనుల సౌకర్యమునకై వెబ్‌సైటునం దుంచిన భూవిక్రయ దస్తావేజులను దింపుకొని, వానిపైఁ గల బొటనవ్రేలి ముద్రలను రబ్బరువంటి పదార్థముపై నచ్చుపోసి, ఆ కృత్రిమపు వ్రేళ్లతో వేలకొలఁది కార్డులను జెలామణి చేసెనని పోలీసులు వెల్లడించిరి. తర్వాత నిట్టి ముద్రలతోడనే బ్యాంకులలోని సొమ్మును గాఁజేసిన యుదాహరణములు రెండు తెలుగురాష్ట్రములందును బయలుపడినవి. ఇం దెవరి తప్పని వెదకుటకంటె, మోస మెట్లు సాధ్యమయ్యెనో గ్రహించుట ముఖ్యము. దస్తావేజుపై ముద్ర వేయుట యందఱకుఁ దెలియుటకే. ఈ భూమి నితఁడే యమ్మె నని యెవఁడైనను సరిచూచుకొనుట కది బహిరంగముగా నుండవలసినదే. నూఱేండ్ల వాడుక యది. ఆ ముద్రనే మఱియొక శాఖ తాళపుఁజెవిగా నెంచి, అది యితరులకుఁ దెలియదని నమ్మినది. వ్రేలిముద్ర పేరువంటిది. పిలుచుట కుపయోగించును, మనిషి ముట్టిన ప్రతి గాజుగ్లాసుపైనను నిలిచిపోవును. దానిని రహస్యముగా భావించినవాఁడు పేరును మంత్రముగా భావించినవాఁడే. హర్షుఁడు కూటశాసనమును విఱిచివేసెను. అపహరింపఁబడిన వ్రేలిని విఱిచి వేఱొక వ్రేలిని బోఁతపోయుటకు వీలులేదు. ఆధార్ సంస్థవారు వ్రేలిముద్రలకుఁ దాళము వేసికొను సౌకర్యమును, అసలుసంఖ్యకు బదులు మార్చుకొనఁదగిన పదాఱంకెల మాఱుసంఖ్యను గల్పించుట యీ లోపమును గ్రహించియే.

గణితజ్ఞులు వేఱొక త్రోవను ముద్రను బునఃసృష్టించిరి. 1976లో డిఫీ, హెల్‌మన్ అనువారు రెండు చెవుల తాళమును సూచించిరి. 1977లో రివెస్ట్, షమీర్, అడెల్‌మన్ అను మువ్వురు దానిని సాధించిరి. రెండు పెద్ద యభాజ్యసంఖ్యలను గుణించుట సులభము. లబ్ధమును జూచి యా రెండింటిని గనుఁగొనుట దుష్కరము. ఒక చెవి లోకమునకుఁ దెలుపఁబడును, రెండవది యజమానిచెంతనే యుండును. రెండవదానితో వేసిన ముద్రను మొదటిదానితో నెవఁడైనను బరీక్షింపవచ్చును గాని, వేయఁజాలఁడు. తామ్రపట్టికను గీకి, పాత ముద్రక్రిందనే క్రొత్త యక్షరములు చెక్కినవా రుండిరి. ఈ ముద్రలో నట్లు కుదురదు, లేఖలోని యొక్క యక్షరము మాఱినను ముద్ర భగ్నమగును. భారతదేశమున 2000 సంవత్సరపు సమాచారసాంకేతికచట్టము దీనికిఁ జేవ్రాలితో సమానమైన ప్రామాణ్య మిచ్చెను. చెవి పోయినచో రద్దుచేసి క్రొత్తది పొందవచ్చును. ఈ యంశమున నిది హర్షుని ముద్రకుఁ జేరువ, కోనాయి చేతికి దూరము.

ఇదియు శాశ్వతము కాదు. 1977లో నా మువ్వురు 129 అంకెల సంఖ్య నొకదానిని బ్రకటించి భేదింపుఁడని పందెము వేసిరి. అది కోట్లకోట్ల యేండ్ల పని యని యంచనా. 1994లోఁ బలుదేశములవారు తమ యంత్రములను గలిపి భేదించిరి. ఆ సంవత్సరమే పీటర్ షోర్ అను గణితజ్ఞుఁడు, క్వాంటమ్ యంత్రము తగినంత పెద్దది నిర్మింపఁబడినచో నిట్టి తాళము లన్నియు శీఘ్రముగా విడివడు నని నిరూపించెను. అంతటి యంత్ర మింకను నిర్మింపఁబడలేదు. ఐనను నేఁడు దొంగిలించి దాఁచిన లేఖలను రేపు విప్పవచ్చు ననెడి భయముచే 2024 ఆగస్టులో నమెరికాదేశపు ప్రమాణసంస్థ, వేఱు గణితములపై నాధారపడిన మూఁడు క్రొత్త పద్ధతులను బ్రకటించెను. గణిత మెంత దృఢమైనను శకటదాసుని కథ మాత్రము మాఱదు. ఫోనులో నెవఁడో యధికారినని బెదిరింపఁగా దనకు వచ్చిన రహస్యాంకెలను దానే చదివి యిచ్చినవాని ముద్ర సత్యమే, వాని యంగీకారము మాత్రము సత్యము కాదు.

వివరములను గ్రహించువారి ధర్మములను నిర్ణయించుచు 2023 ఆగస్టు 11న భారతదేశమున నొక చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించెను. ఏ పనికై వివరములు తీసికొనిరో యా పని తీఱిన పిమ్మటఁ జెఱిపివేయవలెను, దొంగిలింపఁబడినచో వాని యజమానికిఁ దెలుపవలెను. ప్రభుత్వమునకుఁ గొన్ని సందర్భములయందు మినహాయింపు లున్నవి. దీనికి ముం దొక యేఁడు, 1920 నాఁటి ఖైదీల గుర్తింపు చట్టమునకు బదులుగా 2022లో వచ్చిన చట్టము, పట్టుబడినవారి వ్రేళ్లతోఁ బాటు కనుపాపలను గూడఁ గొలుచుట కనుమతించి, యా కొలతలను 75 సంవత్సరములు నిలుపవలె నని విధించెను. విచారణ లేకయే విడువఁబడినవాఁడు, లేక యెల్ల న్యాయస్థానములందును నిర్దోషి యని తేలినవాఁడు, పూర్వశిక్ష లేనివాఁడైనచోఁ దన కొలతలు చెఱుపఁబడుట కర్హుఁడు. మేజిస్ట్రేటు కారణములు వ్రాసి వలదన్నచో నవి నిలిచియే యుండును.